ఎస్టిమేట్ వేయకముందే మన వీధి నీళ్లను మనం గీయాలి

(హైదరాబాద్‌లో కాలనీ, బస్తీ సంఘాల ఉమ్మడి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంట్లో పనులు పక్కన పెట్టి ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. ఈ హాల్లో ఎగువన ఉన్న కాలనీల వాళ్లూ ఉన్నారు, నాలా ఒడ్డున ఉన్న బస్తీల వాళ్లూ ఉన్నారు. ఇద్దరూ ఒకే చోట కూర్చుని వాన నీళ్ల గురించి మాట్లాడుకోవడం చాలా అరుదు. కాబట్టి మొహమాటం లేకుండా మాట్లాడుకుందాం.

నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. వరద కాలువ పనైనా, పార్కు పనైనా, మనల్ని పిలిచేది భూమిపూజ రోజున. అప్పటికి లెవెల్స్ తీసుకోవడం, అంటే నేల ఎత్తుపల్లాలు కొలవడం అయిపోయింది, ఎస్టిమేట్ అయిపోయింది, టెండర్ అయిపోయింది. పైపు ఎంత వెడల్పు, ఎక్కడ మొదలై ఎక్కడ కలవాలి అన్నీ కాగితం మీద ఖరారైపోయాయి. ఆ రోజు మనం వెళ్లి "సార్, నీళ్లు ఇటు రావు, అటు పోతాయి" అంటే పాపం ఆ అసిస్టెంట్ ఇంజనీరు మాత్రం ఏం చేస్తాడు? మనం వెళ్లాల్సింది దానికి ఆరు నెలల ముందు. చేతిలో మన వీధి పటం పట్టుకుని వెళ్లాలి. ఆ పటం ఎలా గీయాలి, అందులో చెట్లకూ పార్కులకూ చోటేమిటి, చట్టం మనకు ఏం ఇచ్చింది అన్నది ఇవాళ మాట్లాడతాను.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. 1908 సెప్టెంబరు 28న మూసీకి పెద్ద వరద వచ్చింది. వేల మంది చనిపోయారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారని అక్కడి వాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన ఊళ్లో గోడ కట్టి ఆగిపోలేదు, ఊరికి పైన నీళ్లు ఆపే చోటు చూశారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. వాన పడ్డ చోట కొంత, దారిలో కొంత ఆపి, మిగిలింది నెమ్మదిగా వదలాలన్నది ఆ పద్ధతి. అది ఆయన కంటే చాలా ముందే ఈ నేల మీద ఉంది. మన గొలుసుకట్టు చెరువులు అదే పని చేసేవి. ఒక కుంట నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు. అది నిండితే ఇంకా కిందికి. తూము ఎప్పుడు ఎత్తాలి, కట్ట ఎక్కడ మెత్తబడింది అని చూసుకోవడానికి నీరటి ఉండేవాడు. కట్టకు గండి పడేలా ఉంటే ఊరు ఊరంతా తట్టలు పట్టుకుని వెళ్లేది. అంటే వరద నీళ్ల నిర్వహణలో జనం పాల్గొనడం ఎవరో కొత్తగా నేర్పాల్సిన సంగతి కాదు. ఊరు నగరమయ్యాక నీరటి పోయాడు, ఆ పని మాత్రం ఎవరికీ అప్పగించలేదు.

దాని ఫలితం 2020 అక్టోబరులో చూశాం. 13వ తేదీ పొద్దున్నుంచి మర్నాడు పొద్దుటి వరకు బేగంపేటలో 19 సెంటీమీటర్ల పైన పడింది. ఘట్‌కేసర్ వైపు 30 దాటింది. 2000 ఆగస్టులో బేగంపేటలోనే 24 సెంటీమీటర్లు పడిన రోజు కూడా మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. కాబట్టి ఇంతకుముందు ఇంత వాన లేదు అనలేం. తేడా ఏమిటంటే ఈసారి బాలాపూర్ గుర్రం చెరువు తెగి హఫీజ్ బాబా నగర్ మీద పడింది. పల్లె చెరువు తెగి అల్ జుబైల్ కాలనీ మునిగింది. గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి హైవేనే నదిలా పారింది. టోలీచౌకీ నదీమ్ కాలనీలో పడవలేసుకుని తిరిగారు. ఈ పేర్లన్నీ వరసగా చూడండి. ప్రతి చోటా ఒక చెరువో, చెరువుకు వచ్చే దారో, చెరువు నుంచి పోయే దారో ఉంది.

అంతకంటే నన్ను బాగా కుదిపిన సంగతి ఇంకొకటుంది. సరిగ్గా ఆ అక్టోబరు 13నే అసెంబ్లీ ప్రత్యేకంగా సమావేశమై జీహెచ్ఎంసీ చట్ట సవరణ బిల్లు ఆమోదించింది. బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలని, ప్రతి వార్డులో యువతకు, మహిళలకు, సీనియర్ సిటిజన్లకు, ప్రముఖులకు వేర్వేరు కమిటీలు ఉండాలని అందులో ఉంది. అంటే పచ్చదనానికి డబ్బు, జనానికి చోటు, రెండూ అసెంబ్లీ ఆమోదం పొందిన రోజునే ఊరు మునిగింది. ఒక్కసారి చేతులెత్తండి, మీ వార్డు కమిటీల్లో ఎవరున్నారో తెలిసినవాళ్లు ఎంతమంది? చూశారా. నాలుగు చేతులు కూడా లేవలేదు. మనం ఇక్కడి నుంచి మొదలుపెట్టాలి.

సరే, ఇంజనీర్లకు మన అవసరమేమిటి? వాళ్ల దగ్గర డ్రోన్ సర్వేలున్నాయి, కాంటూరు మ్యాపులున్నాయి. ఉన్నాయి, వాటిని నేను తక్కువ చేయను. నీరు పల్లమెరుగు, పల్లం మ్యాపులో కనిపిస్తుంది. కానీ కాలనీలో నీళ్లు నేల వాలును బట్టి మాత్రమే పోవు. ఫలానావారి ప్రహరీ గోడ అడ్డం వస్తే పక్క గల్లీకి తిరుగుతాయి. సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు వేసుకుంటూ పోతే, ఒకప్పుడు రోడ్డుకు మూడు మెట్లు పైనున్న ఇల్లు ఇవాళ రోడ్డుకు జానెడు కిందికి పోతుంది. కేబుల్ వాళ్లు తవ్వి వదిలేసిన మట్టి గుట్ట ఒక్కటి చాలు, నీళ్ల దారి మారిపోవడానికి. ఇవి మ్యాపులో ఉండవు. ఇంట్లో ఉండే ఆడవాళ్లకు తెలుసు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు తెలుసు, పొద్దున్నే ఊడ్చే సఫాయి అక్కకు అందరికంటే బాగా తెలుసు.

ఒక కాలనీలో చూసింది చెబుతాను. నాలుగు రోడ్ల కూడలి. మూలన వాన నీళ్లు పైపులోకి దిగడానికి కట్టిన కొత్త క్యాచ్‌పిట్, దాని మీద మంచి ఇనుప జాలీ. వాన మొదలైన పావుగంటకు కూడలిలో చీలమండ లోతు నీళ్లు నిలిచాయి. జాలీ మాత్రం దాదాపు పొడిగా ఉంది. ఎందుకంటే కూడలిలో అన్నిటికంటే పల్లంగా ఉన్న చోటు ఇంకో మూల, కిరాణా కొట్టు ముందు. జాలీ ఉన్న మూల దానికంటే రెండు వేళ్ల ఎత్తులో ఉంది. కిరాణా ఆయన బకెట్టుతో నీళ్లు ఎత్తి రోడ్డు అవతలికి పోస్తున్నాడు, అవి మళ్లీ ఆయన దగ్గరికే వస్తున్నాయి. కింద పైపు ఉంది, పైపు ఖాళీగా ఉంది, డబ్బు ఖర్చయింది. తేడా రెండు వేళ్లు. ఎస్టిమేట్ వేసే ముందు ఆ కొట్టాయనను ఒక్క మాట అడిగి ఉంటే చాలు.

అందుకే నేను అన్ని సంఘాలకూ చెప్పేది, వానలో నడవండి. గట్టి వాన పడుతున్నప్పుడు, ఉరుములు మెరుపులు లేనప్పుడు, ఇద్దరిద్దరుగా వెళ్లండి. నాలా దగ్గరికి, మూత లేని మ్యాన్‌హోల్ ఉన్న చోటికి మాత్రం వెళ్లొద్దు. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ కళాసిగూడలో పాల ప్యాకెట్టు కోసం బయల్దేరిన చిన్నపిల్ల తెరిచి ఉన్న నాలాలో పడి చనిపోయింది. ఆ బిడ్డను మనం మర్చిపోకూడదు. కాబట్టి పిల్లల్ని తీసుకెళ్లొద్దు, నీళ్లలోకి దిగొద్దు. మెట్ల మీద, అరుగుల మీద నిలబడి చూడండి. నీళ్లు ఎటు నుంచి ఎటు పోతున్నాయి, ఎక్కడ నిలుస్తున్నాయి, ఎంతసేపటికి తగ్గుతున్నాయి, ఫోన్‌లో ఫొటో తీయండి. ఫొటోకు టైము తనంతట తనే వస్తుంది, అదే మీకు సాక్ష్యం. వాన వెలిశాక గోడ మీద తడి గీత ఉంటుంది. అది ఆరిపోకముందే ఆయిల్ పెయింటుతో ఒక చిన్న గీత, పక్కన తేదీ. పెద్ద చార్టు మీద వీధులు గీసి బాణం గుర్తులు పెట్టండి. ఒక్క వానాకాలం ఈ పని చేసిన కాలనీ పటం ముందు పెడితే ఏ ఇంజనీరైనా కూర్చుని చూస్తాడు. మాకు నీళ్లొస్తున్నాయి అని అర్జీ ఇవ్వడం వేరు, పలానా గేటు దగ్గర మోకాలి లోతు గంటన్నర నిలిచింది అని చూపించడం వేరు.

ఇప్పుడు చెట్లు, పార్కుల దగ్గరికి వద్దాం. మన దగ్గర వరద కాలువ ఒక శాఖ, పార్కు ఇంకో శాఖ, మురుగునీరు జలమండలి, చెరువు ఇరిగేషన్. 2002లో వచ్చిన వాల్టా చట్టం నీరు, నేల, చెట్లు మూడింటినీ ఒకే చట్టంలో పెట్టింది. ఎంత తెలివైన పని! కానీ ఆచరణలో మూడూ మూడు ఫైళ్లు. అందుకే పార్కు కట్టేటప్పుడు ఏం చేస్తున్నారో చూడండి. టిప్పర్లతో ఎర్రమట్టి తెచ్చి పోసి, రోడ్డు కంటే అడుగు ఎత్తు లేపి, చుట్టూ గోడ కట్టి, లోపల టైల్స్ పరిచి వాకింగ్ ట్రాక్ వేస్తున్నారు. వాన పడితే పార్కులో పడ్డ నీళ్లు కూడా రోడ్డు మీదికే వస్తాయి. ఉన్న ఒక్క మట్టి నేల కూడా నీళ్లు తాగకుండా చేశాం.

దీన్ని తిరగేయాలి. పార్కు రోడ్డు కంటే కిందికి ఉండాలి. లెక్క చెబుతాను, మీరే వేసుకోండి. ఎకరం పార్కు అంటే సుమారు 4,000 చదరపు మీటర్లు. అందులో సగం నేలను జానెడు కంటే తక్కువ, 15 సెంటీమీటర్లు కిందికి తీస్తే 3 లక్షల లీటర్లు పడతాయి. 5,000 లీటర్ల ట్యాంకర్లు 60. ఇప్పుడు ఇళ్లు చూడండి. రెండు వందల గజాల ఇంటికి చుట్టూ వదిలింది పోను 120 చదరపు మీటర్ల స్లాబు అనుకుందాం. 5 సెంటీమీటర్ల వాన పడితే ఆ ఒక్క స్లాబు మీద 6,000 లీటర్లు. అలాంటి ఇళ్లు వందైతే 6 లక్షల లీటర్లు. అందులో సగం ఆ ఒక్క పార్కులో ఆగుతాయి. మిగతా సగం ఇళ్లలో ఇంకుడు గుంతల్లోకి పోగలిగితే, ఆ వంద స్లాబుల నుంచి నాలాకు పోయేది చాలా తక్కువ. వేసవిలో ట్యాంకర్ కోసం బుక్ చేసి మూడు రోజులు ఎదురుచూసే కాలనీ, వానాకాలంలో 120 ట్యాంకర్ల నీళ్లను ఒక్క సాయంత్రం నాలాకు తోసేస్తోంది. ఇది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

పార్కులో నీళ్లు నిలిస్తే దోమలు వస్తాయి కదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దోమ గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పైన పడుతుంది. గుంటలోని నీళ్లు ఒకటి రెండు రోజుల్లో ఇంకిపోయేలా అడుగున కంకర, దాని మీద ఇసుక వేస్తే దోమకు అవకాశం ఉండదు. ఆ గుంటలో వట్టివేరు, మెట్టతామర, తుంగ, గరిక లాంటివి పెడితే వేళ్లే నేలను గుల్లగా ఉంచుతాయి. కొంచెం ఎత్తున కానుగ, వేప, నేరేడు పెట్టొచ్చు. రోడ్ల పక్కన పచ్చగా కనిపిస్తుందని విపరీతంగా నాటిన కోనోకార్పస్‌ను 2022లో ప్రభుత్వమే ఇక నాటొద్దంది. కాబట్టి ఏ మొక్క ఇస్తే ఆ మొక్క తీసుకోకుండా, నర్సరీకి వెళ్లి మనకు కావలసింది అడగండి. ఉన్న చెట్లను కూడా చూసుకోండి. మొదలు దాకా కాంక్రీటు పోసిన చెట్టుకు నీళ్లు ఎక్కడి నుంచి పోతాయి? చెట్టు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ) 2013లోనే ఢిల్లీ కేసులో చెప్పింది. గడ్డపార ఉంటే అరపూట పని అది, కాకపోతే వార్డు ఆఫీసులో చెప్పి చేయండి.

ఇంకుడు గుంత గురించి ఒక జాగ్రత్త. అన్ని చోట్లా పనిచేయదు. మన నగరం కింద గ్రానైటు రాయి, కొన్ని చోట్ల నాలుగడుగులకే తగులుతుంది. చెరువు శిఖంలో, అంటే చెరువు లోపలి నేలలో, చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు (ఎఫ్‌టీఎల్) పక్కన ఉన్న కాలనీల్లో వానాకాలం భూగర్భ నీళ్లే పైకి వచ్చి ఉంటాయి, అక్కడ గుంత తవ్వితే ఇంకడం మాట అటుంచి కింది నుంచి ఊరుతుంది. అక్కడి వాళ్లను "మీరెందుకు తవ్వలేదు" అని నిలదీయడం అన్యాయం. తవ్వాల్సింది ఎగువన ఉన్నవాళ్లు. మళ్లీ, తవ్విన గుంతను ఏటా మృగశిర కార్తెకు ముందు పైన ఇసుక తీసి కడగకపోతే రెండేళ్లలో మూసుకుపోతుంది.

ఎగువ, దిగువ అన్నాను కాబట్టి కొంచెం కటువుగా ఉన్నా ఒక మాట చెప్పాలి. మన సంఘాలన్నీ కాలనీ గేటు దగ్గర ఆగిపోతాయి. నీళ్లు గేటు దగ్గర ఆగవు. కూకట్‌పల్లి నాలా, బల్కాపూర్ నాలా, బంజారా నాలా, పికెట్ నాలా నీళ్లన్నీ హుస్సేన్ సాగర్‌కు వస్తాయి. అది నిండితే మిగులు నీళ్లు అశోక్‌నగర్, నల్లకుంట, అంబర్‌పేట మీదుగా మూసీకి పోతాయి. అంటే కూకట్‌పల్లిలో ఒకాయన తన పెరడంతా టైల్స్ వేయించుకుంటే ఆ నీళ్ల బరువులో ఒక చెంబెడు అంబర్‌పేటలో ఎవరి గుమ్మంలోనో దిగుతుంది. ఎగువ కాలనీ పలుకుబడి ఉపయోగించి పెద్ద పైపు వేయించుకుంటే వాళ్ల రోడ్డు పది నిమిషాల్లో ఆరిపోతుంది. కింది బస్తీలో నాలా ఆ పది నిమిషాల నీళ్లు తట్టుకోలేక పొంగుతుంది. పైకి చూస్తే పని జరిగింది. నిజానికి కష్టం ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారింది, అదీ తక్కువ ఉన్నవాడి ఇంటికి. అందుకే సంఘం కాలనీకి ఒకటి కాదు, నాలాకు ఒకటి ఉండాలి. ఎగువ నుంచి దిగువ దాకా, కాలనీలూ బస్తీలూ కలిసి, ఒకే పటం. ఇవాళ ఈ హాల్లో మీ అందరినీ కలిపి కూర్చోబెట్టమని నేను నిర్వాహకులను అడిగింది అందుకే.

నాలా ఒడ్డున ఉన్నవాళ్ల గురించి మాట వచ్చినప్పుడల్లా ఆక్రమణదారులు అన్న మాట వస్తుంది. 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం 10 మీటర్ల కంటే వెడల్పైన నాలాకు 9 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 2 మీటర్లు, 10 హెక్టార్లు అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు వదలాలి. ఆ జాగా వదలాల్సిందే, నాకు అందులో రెండో అభిప్రాయం లేదు. కానీ బస్తీలో రేకుల ఇల్లు కనిపించినంత సులువుగా, నాలా మీద స్లాబు వేసి కట్టిన ఫంక్షన్ హాలు మన కంటికి కనిపించడం లేదు. పటం గీసేటప్పుడు రెండూ గీయండి. రేకుల ఇల్లు కదిలించాల్సి వస్తే దగ్గర్లోనే ఇల్లు చూపించాకే కదిలించాలని ఎగువ కాలనీ సంఘమే అడగాలి. అప్పుడే దిగువవాళ్లు మన పటం మీద సంతకం పెడతారు.

జనం ముందే వస్తే పని ఎలా ఉంటుందో చూడాలంటే బెంగళూరు సర్జాపూర్ రోడ్డులో కైకొండ్రహళ్లి చెరువుకు వెళ్లండి. మురుగుతో, చెత్తతో ఎండిపోయిన చెరువు అది. చుట్టుపక్కల వాళ్లు కార్పొరేషన్ ఇంజనీర్లతో కూర్చున్నది డిజైన్ దశలో. చుట్టూ నిలువు గోడ కట్టి స్నానాల తొట్టిలా చేయకుండా వాలు కట్టలు ఉంచారు, పక్షులకు దీవులు ఉంచారు. అన్నిటికంటే నాకు నచ్చింది, ఆ చెరువు అపార్ట్‌మెంట్ల వాళ్ల జాగింగ్ ట్రాక్‌గా మిగిలిపోలేదు. పాత ఊరి వాళ్లు పశువులకు గడ్డి కోసుకుంటారు, చేపలు పడతారు. చెరువు మీద ఆధారపడే చేయి ఎక్కువైన కొద్దీ దానికి కాపలా ఎక్కువ. మన అంబర్‌పేట బతుకమ్మ కుంట కూడా చూడండి. చెత్త, ముళ్లపొదల కింద పూడిపోయిన జాగాలో 2025 ఫిబ్రవరిలో తవ్వకం మొదలుపెడితే కొన్ని అడుగుల్లోనే నీళ్లు వచ్చాయి. స్థానికులు ఇది కుంట, ఇది కుంట అని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు కాబట్టే ఆ పేరు బతికి ఉంది.

ఇక మనం చేయాల్సిన పని. ఈ వానాకాలంలో పటం పూర్తవ్వాలి. దసరా, దీపావళి మధ్య నాలా వెంట ఉన్న అన్ని సంఘాలూ పటాలు కలుపుకోవాలి. బడ్జెట్ ప్రతిపాదనలు తయారయ్యేది చలికాలంలో, కాబట్టి సంక్రాంతి లోపు ఆ పటం వార్డు ఆఫీసులో, సర్కిల్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోవాలి. మీ కాలనీలో వచ్చే పనుల ఎస్టిమేట్, లెవెల్స్ సమాచార హక్కు కింద అడగండి. కొత్త రోడ్డు వేస్తామంటే పాత పొర గీకి వేయమని రాతపూర్వకంగా అడగండి. వేసవిలో పూడిక తీసేటప్పుడు ఇద్దరు వెళ్లి నిలబడండి. తీసిన బురదను నాలా ఒడ్డునే కుప్పపోసి వెళ్లిపోతే మొదటి వానకు అది మళ్లీ లోపలికే పోతుంది. లారీ ఎక్కే దాకా అక్కడే ఉండండి, వచ్చిన కార్మికులకు మంచినీళ్లు, టీ ఇవ్వండి. ఇంట్లోని మురుగు పైపును వాన కాలువలో కలిపినవాళ్లు ఉంటే, ఆ సంగతి సంఘం మీటింగులోనే తేల్చుకోండి. వర్షపు నీళ్లు వేగంగా పోవాలని మురుగు మ్యాన్‌హోల్ మూత ఎత్తే అలవాటు మాత్రం ఈ రోజుతో ఆపేయాలి, దానివల్ల ప్రాణాలు పోతున్నాయి.

వెనక బల్లల మీద పెద్ద షీట్లు పరిచాం. మీ నాలా పేరు పైన రాసి ఉంటుంది. ఎగువవాళ్లూ దిగువవాళ్లూ ఒకే బల్ల దగ్గరికి వెళ్లండి. నీలం పెన్ను నీళ్లు పోయే దారికి, ఎరుపు నిలిచే చోటుకు, ఆకుపచ్చ మీ దగ్గర మిగిలున్న మట్టి నేలకు. బస్తీ అక్కలు ముందు గీయండి, కాలనీ వాళ్లు తర్వాత. గంటసేపు ఉంది, మధ్యలో ఏ సందేహం వచ్చినా నన్ను పిలవండి, నేను బల్లల దగ్గరే తిరుగుతూ ఉంటాను.